బేతాళుడు, వేతాల్, మా చిన్ననాటి వీరులు

బాల్యంలో చదివిన బొమ్మల కథల ప్రస్తావన వచ్చినప్పుడు పెద్దలలో చాలామంది ఒక చిరునవ్వు నవ్వి ఊరుకుంటారు. అది కాలక్షేపమని, పరీక్షల ముందు పెట్టెలో దాచవలసిన వస్తువని, మీసాలు వచ్చేనాటికి వదలివేయవలసిన అలవాటని మన ఇండ్లలో ఒక అభిప్రాయం స్థిరపడి ఉన్నది. అరవయ్యవ ఏడు దాటినా మేము ఆ అలవాటును వదలలేదు. ఎందుకు వదలలేదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. మన సంస్థలో ఉద్యోగరీత్యా సొంత ప్రాంతం విడిచి పరభాషా ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి పిల్లల చదువుతో ఈ విషయానికి దగ్గరి సంబంధం ఉన్నది కనుక, దీనిని కేవలం ఒక వృద్ధుని ముచ్చటగా భావించవద్దని పాఠకులకు మనవి.

చిన్నరైలు ఊరు

మా బాల్యం గడచినది అభన్‌పూర్‌లో. నేడు అది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో రాయపూర్ జిల్లాకు చెందిన పట్టణం. 2000వ సంవత్సరం నవంబరు 1వ తేదీ వరకు ఆ ప్రాంతమంతా మధ్యప్రదేశ్‌లో భాగం. రాయపూర్ నుండి ధమ్తరికి 1900లో వేసిన రెండడుగుల ఆరంగుళాల వెడల్పు గల చిన్నరైలు మార్గం మా ఊరి మీదుగానే పోయేది. అభన్‌పూర్ దగ్గర అది చీలి, ఒక శాఖ రాజిమ్‌కు వెళ్లేది. రాజిమ్‌లో రాజీవలోచన స్వామి ఆలయం, దానికి సమీపంలోనే చంపారణ్యం ఉన్నాయి. కాశీ నుండి తరలి వస్తున్న ఒక తెలుగు దంపతులకు ఆ అడవిలోనే వల్లభాచార్యులు జన్మించారని సంప్రదాయం. నెలలు నిండక పుట్టిన ఆ శిశువు చుట్టూ అగ్నివలయం ఏర్పడి కాపాడినదని అక్కడివారు నేటికీ చెబుతారు. ఐదు వందల ఏండ్ల నాడే మా చుట్టుపక్కల తెలుగువారి అడుగుజాడలు ఉన్నవని మా తండ్రిగారు ఎంతో గర్వంగా చెప్పేవారు. మేము మాత్రం ఆ అగ్నివలయాన్ని మనస్సులో బొమ్మ కట్టుకొని మురిసిపోయేవారము. అద్భుత బాలుని కథ వినడం మాకు అదే మొదలు.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి తెలుగువారు ఉద్యోగాలకై రాయపూర్ ప్రాంతానికి వస్తూనే ఉన్నారు. విజయనగరం నుండి పార్వతీపురం, రాయగడల మీదుగా రాయపూర్ చేరే మార్గం 1931లో పూర్తి కావడంతో ఆ రాకపోకలు మరింత పెరిగినవి. మా తండ్రిగారు కూడా ఆ దారినే వచ్చి చిన్నరైలు విభాగంలో ఉద్యోగంలో చేరారు. 1970వ దశకంలో మా వీధిలో తెలుగు ఇండ్లు నాలుగో ఐదో ఉండేవి. మేము చదివిన బడిలో హిందీ తప్ప తెలుగు లేదు. వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ, వంటింట్లో తెలుగు. ఈ మూడింటిలో తెలుగు మాకు చెవికి మాత్రమే తెలిసిన భాష, కంటికి తెలియదు.

ఒకే బొమ్మ, రెండు లిపులు

తెలుగును మా కంటికి పరిచయం చేసినది ‘చందమామ’. బి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జులైలో మద్రాసులో ప్రారంభించిన ఆ మాసపత్రికకు 1952 నుండి 1980 వరకు కొడవటిగంటి కుటుంబరావు గారు సంపాదకత్వం వహించారు. ‘పాతాళభైరవి’ చిత్రాన్ని 1951లో అందించిన విజయా సంస్థ కూడా ఆ నాగిరెడ్డి, చక్రపాణి గార్లదే. తోటరాముని సాహసాన్ని వెండితెరపై చూపిన చేతులే బేతాళ కథలను మన ఇంటి గుమ్మంలోకి పంపినవన్నమాట.

ఈ పత్రికకు 1949 నుండి హిందీ ప్రతి కూడా వెలువడేది. తెలుగు ప్రతి చందా మీద టపాలో మా ఇంటికి వచ్చేది. మా తండ్రిగారు డ్యూటీ మీద రాయపూర్ వెళ్లినప్పుడు స్టేషనులోని పుస్తకాల దుకాణంలో హిందీ ప్రతి కొని తెచ్చేవారు. శంకర్ గారు గీసిన అదే విక్రమార్కుడు, భుజంపై అదే శవం, చేతిలో అదే కత్తి; కింద అక్షరాలు మాత్రం వేరు. బడిలో నేర్చిన హిందీతో కథ ముందే తెలిసిపోయేది. తరువాత తెలుగు ప్రతిని పక్కన పరచుకొని, ఇక్కడ ‘రాజా’ అని ఉన్నచోట అక్కడ ఏముండాలి అని వెతికేవారము. ‘ర’ దొరికితే ‘రా’ దొరికేది. ‘జ’ దొరికితే మరునాటికి ‘జీవదత్తుడు’ దొరికేవాడు. మా అక్క పలకపై ఒత్తులు దిద్దించేది. ఏడాది తిరిగేసరికి హిందీ ప్రతి అవసరం లేకపోయినది.

దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలు మమ్మల్ని మరింత వేగంగా చదివించినవి. ‘యక్షపర్వతం’లోని ఖడ్గవర్మ, జీవదత్తులు ఏ ప్రమాదంలో చిక్కుకొన్నారో అక్కడే ‘ఇంకా ఉంది’ అని ఆపివేస్తే, మరుసటి నెల పత్రిక కొరకు టపా బంట్రోతు రాకకై ఎదురుచూచేవారము. ఆ రచనలపై రచయిత పేరు ఉండేది కాదు. ఆ కథలు ఎవరు రాశారో పెద్దయిన తరువాతనే తెలిసినది. పేరు కోరకుండా ఒక తరానికి అక్షరాలు నేర్పిన ఆయన వంటివారికి మన భాష ఎంతగానో ఋణపడి ఉన్నది. చిత్ర గారి రేఖలలోని గండభేరుండాలను, రాక్షసులను, వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలలోని ఋతువులను గుర్తు తెచ్చుకొంటే నేటికీ కన్ను చెమర్చుతుంది.

అమ్మమ్మ ఉత్తరం

ఈ చదువు ఎందుకు ఉపయోగపడినదో ఒక్క ఉదాహరణ చెప్పుతాము. మా తల్లిగారు చదువుకోలేదు. పార్వతీపురం దగ్గరి పల్లె నుండి అమ్మమ్మ చెప్పగా ఎవరో రాసిపెట్టే ఉత్తరాలను మా తండ్రిగారే చదివి వినిపించేవారు. 1975లో ఒకనాడు ఆయన డ్యూటీ మీద ధమ్తరి వైపు వెళ్లి ఉండగా ఒక ఇన్లాండు కవరు వచ్చినది. ఆయన తిరిగి రావడానికి రెండు దినాలు పడుతుంది. వీధిలోని మిగిలిన తెలుగు ఇండ్లవారు పండుగకు స్వగ్రామాలకు వెళ్లి ఉన్నారు. అక్కకు పెండ్లి అయి అప్పటికే అత్తవారింటికి వెళ్లినది.

“ఏమి రాశారో చూడు నాయనా” అని అమ్మ ఆ కవరును పదేండ్ల వయసు గల మా చేతిలో పెట్టినది. అచ్చు అక్షరాలు చదివిన కంటికి చేతిరాత కొరుకుడు పడలేదు. అయినా వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని చదివాము. తాతగారికి ఆయాసం ఎక్కువైనదని, “కడపటి చూపు”కు బిడ్డను చూడాలని కలవరిస్తున్నారని అందులో ఉన్నది. ‘కడపటి’ అనే మాట మా ఇంటి సంభాషణలో ఎన్నడూ వినలేదు. కానీ చందమామలో మరణశయ్యపై ఉన్న రాజు కొడుకులను పిలిపించే కథ ఒకటి చదివి ఉన్నాము. ఆ మాట అక్కడ ఉన్నది. అర్థం చెప్పేసరికి అమ్మ కూలబడిపోయినది. ఆ సాయంత్రమే పొరుగింటివారికి కబురు అప్పగించి, చిన్నరైలులో రాయపూర్ చేరి, అక్కడి నుండి పార్వతీపురం బండి ఎక్కాము. మేము చేరేసరికి తాతగారు స్పృహలోనే ఉన్నారు. అమ్మతో రెండు దినాలు మాట్లాడారు. మూడవ నాడు కన్నుమూశారు.

ఆ రెండు దినాలు అమ్మకు దక్కడానికి కారణం ఒక పిల్లల పత్రిక. బొమ్మల పుస్తకం కాలక్షేపమని ఎవరైనా అన్నప్పుడు మాకు ఈ సంగతే గుర్తుకు వస్తుంది.

ముసుగు ధరించిన వేతాల్

అభన్‌పూర్ బజారులో సైకిళ్ల మరమ్మతు దుకాణం పక్కన ఒక బడ్డీ ఉండేది. దాని యజమాని తాడుపై బట్టలు ఆరవేసినట్లు హిందీ కామిక్స్ వేలాడదీసి గంటల లెక్కన అద్దెకు ఇచ్చేవాడు. ఒక్కొక్కటి పది పైసలు. ఇంటికి తీసుకొనిపోతే పావలా. అట్టలు చిరిగితే గోధుమపిండి జిగురుతో అతికించి తిరిగి ఇవ్వాలన్నది అక్కడి నియమం. నలుగురు మిత్రులము కలిసి ఒక పావలా వేసుకొని, ఒకరు పైకి చదువుతుండగా ముగ్గురు బొమ్మలు చూచేవారము.

అక్కడనే మాకు ఫాంటమ్ పరిచయమయ్యాడు. అమెరికా రచయిత లీ ఫాక్ 1936లో సృష్టించిన ఆ ముసుగు వీరుణ్ణి, 1964 మార్చిలో టైమ్స్ ఆఫ్ ఇండియా వారు ప్రారంభించిన ఇంద్రజాల్ కామిక్స్ మన దేశంలో ఇంటింటికీ తెచ్చినది. హిందీలో ఆయన పేరు ‘వేతాల్’. ఇక్కడ మాకు ఒక పెద్ద సందేహం వచ్చినది. చందమామలోని బేతాళుడు చెట్టుకు వేలాడుతూ రాజును ప్రశ్నలడిగి తిరిగి చెట్టెక్కుతాడు. ఈ వేతాల్ పుర్రె గుర్తు ఉంగరం ధరించి గుర్రంపై తిరుగుతూ దొంగల దవడపై ముద్ర వేస్తాడు. ఇద్దరికీ ఒకే పేరు ఎట్లా వచ్చినది? “చావులేని వాడని జనం నమ్మితే చాలు, ఏ దేశంలోనైనా ఆ పేరే పెడతారు” అని మా తండ్రిగారు సమాధానం చెప్పారు. ఫాంటమ్ నిజంగా చావులేని వాడు కాడు. తండ్రి మరణించగానే కొడుకు అదే దుస్తులు ధరించి అదే పని కొనసాగిస్తాడు. ఒక వృత్తి తండ్రి నుండి కొడుక్కు దిగివచ్చే రైల్వే క్వార్టర్ల పిల్లలకు ఆ సంగతి ఇట్టే అర్థమైపోయినది.

ఇంద్రజాల్ పుస్తకాలలోనే మాంత్రికుడు మాండ్రేక్, ఫ్లాష్ గోర్డన్‌లు వచ్చేవారు. 1976లో ఆబిద్ సూర్తీ గారు సృష్టించిన ‘బహాదుర్’ వచ్చిన తరువాత మా బడ్డీ వద్ద రద్దీ రెండింతలైనది. బహాదుర్ ఒక బందిపోటు కుమారుడు. పెరిగి పెద్దవాడై బందిపోట్లనే ఎదిరిస్తాడు. చంబల్ లోయ వార్తలు దినమూ వినే మధ్యప్రదేశ్ బాలురకు అతడు దూరపు వీరుడు కాడు. కుర్తా తొడుక్కొని తిరిగే వీరుణ్ణి చూడడం మాకు అదే ప్రథమం. ప్రాణ్ గారి చాచా చౌధరి అయితే ఎర్ర తలపాగా, తెల్ల మీసాలతో అచ్చంగా మా ధాన్యం మార్కెట్టులోని ఒక పెద్దమనిషిలా ఉండేవాడు. బలమంతా గురుగ్రహం నుండి వచ్చిన సాబూది, ఉపాయమంతా వృద్ధునిది. కండబలం బుద్ధిబలానికి లోబడి ఉండాలన్న నీతిని ఇంత సులభంగా చెప్పిన వాచకం మా బడిలో లేదు.

శక్తికి షరతు

ఉద్యోగంలో చేరిన తరువాత కూడా మేము కామిక్స్ కొంటూనే వచ్చాము. 1986లో రాజ్ కామిక్స్ వారి నాగరాజ్, 1987లో అనుపమ్ సిన్హా గారి సూపర్ కమాండో ధ్రువ వచ్చారు. ధ్రువకు అతీత శక్తులు లేవు. సర్కస్‌లో పెరిగిన ఆ బాలుడు సాధనతో, సమయస్ఫూర్తితో గెలుస్తాడు. యంత్రాల మధ్య పనిచేసే మాబోటివారికి అతడే ఎక్కువ నచ్చాడు. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు ఆకాశం నుండి ఎవరూ దిగిరారు; చేతిలో ఉన్న పనిముట్టుతోనే బయటపడాలని కర్మాగారంలో పనిచేసిన ప్రతివారికీ తెలుసు.

దేశవిదేశాల వీరులను పక్కపక్కన ఉంచి చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. 1938లో పుట్టిన సూపర్‌మ్యాన్‌కు బలం అతడు పుట్టిన గ్రహం వలన వచ్చినది. 1962లో పుట్టిన స్పైడర్‌మ్యాన్‌కు సాలీడు కాటు వలన వచ్చినది. మన కథలలో శక్తి ఎక్కువగా ఒకరు అనుగ్రహిస్తే వచ్చేది. 1980లో వి. మధుసూదనరావు గారి దర్శకత్వంలో నందమూరి తారకరామారావు గారు నటించిన తెలుగు ‘సూపర్‌మేన్’కు శక్తిని ఇచ్చినది హనుమంతుడు. 2024 సంక్రాంతికి విడుదలైన ‘హనుమాన్’ చిత్రంలోనూ పల్లెటూరి యువకునికి బలం ఆ ఆంజనేయుని నుండే లభించినది. ఇచ్చినవాడు ఉన్నప్పుడు షరతు కూడా ఉంటుంది. దుర్వినియోగం చేస్తే ఆ శక్తి పోతుందన్న భయం కథకు కట్టుదిట్టం.

మా ప్రాంతంలో ఈ వీరగాథలకు కాగితం కూడా అవసరం లేదు. అభన్‌పూర్ పరిసర గ్రామాలలో రాత్రివేళ పండవానీ జరిగేది. భారతకథను, అందులోనూ ముఖ్యంగా భీముని పరాక్రమాన్ని, తంబురా చేతబట్టి పాడుతూ అభినయించే కళ అది. మన బుర్రకథకు దగ్గరి చుట్టం. భిలాయి సమీపంలోని గనియారీలో జన్మించిన తీజన్ బాయి గారి చేతిలో ఆ తంబురా ఒక క్షణం భీముని గదగా, మరుక్షణం అర్జునుని ధనుస్సుగా మారిపోయేది. ఆమె భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగినిగా పనిచేసి ఉండడం ప్రభుత్వరంగ సంస్థలన్నింటికీ గర్వకారణం. 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ పురస్కారాలు ఆమెను వరించినవి. కామిక్స్‌లో ఒక గడి నుండి మరొక గడికి కన్ను దూకినట్లే, ఆమె ఆటలో ఒక పాత్ర నుండి మరొక పాత్రకు మన మనస్సు దూకుతుంది. నడుమ ఖాళీని పూరించే పని చూచేవారిదే.

ఒప్పులతో పాటు కొన్ని తప్పులు

అభిమానము ఉన్నంత మాత్రాన లోపాలను కప్పిపుచ్చరాదు. ఆఫ్రికా అడవిలోని ప్రజలందరినీ ఒక తెల్ల వీరుడే రక్షించాలన్న భావన ఫాంటమ్ కథలలో ఉన్నది. వలసపాలన చవిచూచిన మనము దానిని గుర్తించకుండా చదవడం సరికాదు. అనంత్ పాయ్ గారు 1967లో ప్రారంభించిన అమర్ చిత్ర కథ మన పురాణేతిహాసాలను పిల్లలకు చేరువ చేసినది. దూరదర్శన్ ప్రశ్నల పోటీలో గ్రీకు పురాణాల సంగతులు చెప్పిన పిల్లలు శ్రీరాముని తల్లి పేరు చెప్పలేకపోవడం చూచి ఆయన ఈ పనికి పూనుకొన్నారు. అయితే అందులో దేవతలు తెల్లగా, రాక్షసులు నల్లగా ఉండడాన్ని విమర్శకులు ఎత్తిచూపారు. మా వీధిలో చామనఛాయ గల ఒక బాలిక “నేను సీతను కాకూడదా?” అని అడిగినది. ఆ ప్రశ్నకు మా వద్ద ఉన్న పుస్తకాలలో జవాబు లేదు. బాలికలకు వీరస్థానం ఇచ్చిన కథలు ఆనాడు బహు స్వల్పం. పిల్లలతో కూర్చొని చదివే పెద్దలు ఈ ప్రశ్నలను తప్పించుకోకుండా మాట్లాడితే, ఆ లోపాలే పాఠాలవుతాయి.

ఇక మన కర్తవ్యం

ఇంద్రజాల్ 1990లో ఆగిపోయినది. చందమామ 2013 ప్రాంతంలో వెలువడడం మానివేసినది. మా చిన్నరైలు కూడా గేజి మార్పిడి కొరకు సెలవు తీసుకొన్నది. 2025 మార్చి 30వ తేదీన అభన్‌పూర్, రాయపూర్‌ల మధ్య పెద్దగేజి రైలు ప్రారంభమైనది. మార్గం వెడల్పు కావడం మంచిదే. పత్రికలు పోయిన చోట మాత్రం ఆ ఖాళీని ఏదీ భర్తీ చేయలేదు. నేటి పిల్లలకు వీరులకు కొదువ లేదు. తెరపై కావలసినంతమంది ఎగురుతున్నారు. తెలుగు గొంతుతో మాట్లాడుతున్నారు కూడా. అయితే తెర చెవికి భాషను ఇస్తుందే గాని, కంటికి అక్షరాన్ని ఇవ్వదు. పరరాష్ట్రాలలో పెరుగుతున్న మన పిల్లలు నాయనమ్మతో ఫోనులో తెలుగులో చక్కగా మాట్లాడుతారు. నాయనమ్మ వాట్సప్‌లో తెలుగులో పంపిన నాలుగు వాక్యాలను మాత్రం ఎవరినైనా చదివిపెట్టమని అడుగుతారు. 1975లో మా ఇంటికి వచ్చిన ఉత్తరం వంటిది ఈనాడు వారి ఇంటికి వస్తే ఏమవుతుందన్నదే మా ఆందోళన.

దీనికి ఖర్చుతో కూడిన పథకాలు అవసరం లేదని మా అనుభవం. కంటికి నచ్చిన బొమ్మ ఉంటే చాలు, పిల్లవాడు దాని కింద ఉన్న అక్షరాన్ని తానే పట్టుకొంటాడు. ఒకే కథ తెలిసిన భాషలో ఒకటి, తెలుగులో ఒకటి చేతికిచ్చి పక్కపక్కన పరచమనండి. అమర్ చిత్ర కథలు తెలుగులోనూ వెలువడినవి. మీ ఇంటి అటకలపై పాత చందమామలు, బాలమిత్రలు ఉంటే తూకానికి వేయకండి. కాలనీ గ్రంథాలయంలో పిల్లల చేతికి అందే ఎత్తులో ఒక అర కేటాయించి అందులో ఉంచండి. చిరిగితే అతికించి తిరిగి ఇవ్వాలన్న పాత నియమం పెట్టండి. వారానికి ఒక్క సాయంత్రం, అరగంట సేపు, పదవీ విరమణ చేసిన మాబోటివారు ఎవరో ఒకరు ఆ అర పక్కన కూర్చుంటే చాలు.

సముద్రం ఎదుట నిలిచిన హనుమంతునికి తన బలం తనకు తెలియదు. జాంబవంతుడు గుర్తు చేసిన తరువాతనే లంఘించాడు. మన పిల్లల నోట తెలుగు ఇప్పటికే ఉన్నది. దానిని వారి కంటికి గుర్తు చేసే జాంబవంతులే తక్కువగా ఉన్నారు. ఆ పనికి వయసు అడ్డు కాదు. జాంబవంతుడు కూడా వృద్ధుడే.